నంబరు 233

చూపూ వినికిడీ లేని ఓ అమ్మాయి జర్మన్, ఫ్రెంచ్, లాటిన్, గ్రీకు పరీక్షలకు కూర్చుంది. మొదటిసారి ఆమె వేళ్ల భాష తెలిసిన మనిషి పక్కనున్నారు. రెండోసారి లేరు. ఆ రెండు పరీక్షల కథ ఇది.

1897 జూన్ 29, మంగళవారం. అమెరికాలో బోస్టన్‌ పక్కనే ఉన్న కేంబ్రిడ్జి ఊరు.

తొమ్మిది కొట్టగానే హార్వర్డ్‌లో ప్రశ్నపత్రాలు బయటికి తీశారు. ఆడపిల్లలు పరీక్ష రాసే ర్యాడ్‌క్లిఫ్‌ కాలేజీకి వాటిని ఓ ప్రత్యేక దూత తీసుకెళ్లాడు. ప్రవేశ పరీక్ష నియమం కచ్చితమైనది. జవాబు కాగితం మీద పేరుండదు, నంబరే ఉంటుంది. రాసిందెవరో దిద్దేవారికి తెలియకూడదు.

మిగతా అమ్మాయిలకు దూరంగా, విడి గదిలో ఒక్కతే కూర్చుంది నంబరు 233. ముందు టైపు మిషను. పక్కన ఓ పెద్దమనిషి. తలుపు దగ్గర ఒకర్ని కాపలా పెట్టారు, మధ్యలో ఎవరూ లోపలికి రాకుండా. ఆమెకు వేరే గది ఇచ్చింది టైపు మిషను చప్పుడు మిగతా పిల్లలకు ఇబ్బంది కాకూడదని. ఆ మిషను వల్లే ఆమె ఎవరన్నది దాచడానికీ వీల్లేకపోయింది. టైపు చేసిన కాగితం చూడగానే ఇది ఫలానా అమ్మాయిదని దిద్దేవారికి తెలిసిపోతుంది.

రెండు రోజుల కిందటే ఆమెకు 17 ఏళ్లు నిండాయి. పేరు హెలెన్‌ కెల్లర్‌. చూపు లేదు, వినికిడి లేదు. ఆ పొద్దున ఆమె ముందున్నది జర్మన్‌ పేపరు.

అక్షరం వెంట అక్షరం

పక్కన కూర్చున్నాయన ఆర్థర్‌ గిల్మన్‌. ఆమె చదువుతున్న కేంబ్రిడ్జి స్కూల్‌ ఫర్‌ యంగ్‌ లేడీస్‌కు ప్రిన్సిపల్‌. ఆడపిల్లలకు హార్వర్డ్‌ స్థాయి చదువు అందాలని పాటుపడి, తర్వాతి కాలంలో ర్యాడ్‌క్లిఫ్‌గా మారిన సంస్థకు పునాది వేసినవారిలో ఒకరు. అంతటి పెద్దాయన ఈ ఒక్క విద్యార్థిని కోసం వేళ్ల అక్షరాలు నేర్చుకున్నారు.

ఆయన చేతి మీద హెలెన్‌ తన చెయ్యి ఆనించింది. గట్టిగా పట్టుకుంటే ఆయన వేళ్లు కదలవు, మరీ వదులైతే అక్షరం అందదు. అంత తేలిగ్గా ఆనించాలి. ఆయన వేళ్లు ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో ముద్ర. ముందు ప్రశ్నపత్రం మొత్తం అలా ఒకసారి చదివి వినిపించారు. తర్వాత వాక్యం వాక్యంగా మళ్లీ మొదలుపెట్టారు.

జర్మన్‌లో ఒక సంగతుంది. ఉపవాక్యం వస్తే క్రియ మన తెలుగులో లాగే చివరికి పోతుంది. కళ్లతో చదివేవారికి దాంతో పేచీ లేదు. చూపు ఒక్క గెంతులో చివరికి వెళ్లి, క్రియను పట్టుకుని వెనక్కి వచ్చేస్తుంది. వేళ్లతో చదివేవారికి ఆ వీలు లేదు. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఎందుకు అన్నవన్నీ అక్షరం వెంట అక్షరం పోగేసుకుని, క్రియ వచ్చేదాకా మనసులో మోయాలి. పైగా డెర్‌, డెన్‌, డెమ్‌ అనే మూడు చిన్న మాటలకూ తేడా ఒక్క చివరి అక్షరమే. ఎవరు కొట్టారో, ఎవరు దెబ్బతిన్నారో తేల్చేది ఆ అక్షరమే. వేలు కాస్త అటూ ఇటూ అయినా, అందుకునే చెయ్యి ఒక్క క్షణం ఏమరినా వాక్యం తలకిందులవుతుంది.

అందుకే ఆయన ఒక్కో వాక్యం చెప్పగానే హెలెన్‌ దాన్ని పైకి పలికేది. ఆ గొంతు ఆమెకు వినపడదు. తొమ్మిదేళ్ల వయసులో, పలికేవారి పెదవులూ నాలుకా తాకి చూసి కష్టపడి నేర్చుకున్న మాట అది. తప్పు అందితే గిల్మన్‌ సరిచేయవచ్చు. అలా ఒప్పు అనుకున్నాకే ఆమె వేళ్లు టైపు మిషను మీదికి వెళ్లాయి.

పేపరు కష్టంగానే ఉంది. లోపల భయమూ ఉంది. ఏం టైపు చేసిందో చూసుకునే వీలు ఎలాగూ లేదు. రాయడం అయ్యాక గిల్మన్‌ ఆ కాగితం తీసుకుని, ఆమె రాసింది ఆమెకే మళ్లీ వేళ్లతో చదివి వినిపించారు. ఇక్కడ ఇది మార్చండి, అక్కడ అది చేర్చండి అని ఆమె చెబితే ఆయన ఆ దిద్దుబాట్లు కాగితం మీద ఎక్కించారు. జవాబులు రాసింది 233వ నంబరు అభ్యర్థేనని ధ్రువపత్రం జతచేసి పంపారు.

పక్కన మనిషిని పెట్టి, ప్రశ్న చదివి చెప్పి, జవాబు చదివి వినిపిస్తే అదేం పరీక్ష అని ఇప్పటికీ అడిగేవాళ్లు ఉన్నారు. ఆ గదిలో జరిగిన పనిని విడదీసి చూస్తే జవాబు దొరుకుతుంది. కాగితం మీది అచ్చును చేతికి చేర్చింది గిల్మన్‌. జర్మన్‌ను అర్థం చేసుకున్నది హెలెన్‌. మాట ఎంచుకున్నది, టైపు చేసింది హెలెన్‌. మిగతా అమ్మాయిలు ఆఖరి పది నిమిషాల్లో తమ కాగితాన్ని తామే ఒకసారి చూసుకుంటారు కదా, గిల్మన్‌ చదివి వినిపించడం ఆమెకు ఆ చూసుకోవడమే. పరీక్ష అడగదలచుకున్నది జర్మన్‌. జర్మన్‌లో జవాబుకు ఒక్క మాట కూడా ఆమెకు ఎవరూ అందించలేదు.

ఆ తలుపు దాకా వచ్చిన దారి

అలబామా రాష్ట్రంలోని టస్కంబియాలో 1880 జూన్‌ 27న పుట్టింది హెలెన్‌. 19 నెలల వయసులో వచ్చిన జబ్బు చూపునూ వినికిడినీ తీసుకుపోయింది. 1887 మార్చిలో ఆన్‌ సలివాన్‌ టీచరుగా ఆ ఇంటికి వచ్చారు. నీళ్ల పంపు కింద చెయ్యి పెట్టించి, రెండో చేతిలో నీరు అన్న మాట అక్షరాలు రాయడం, ఆ క్షణంలో పాపకు భాష అంటే ఏమిటో తెలియడం చాలామందికి తెలిసిన కథే. ఆ అమ్మాయి తర్వాత పరాయి భాషలు ఎలా నేర్చుకుందన్నది అంతగా తెలియని కథ.

1894లో న్యూయార్క్‌లోని రైట్‌ హ్యుమాసన్‌ స్కూల్లో చేరింది. అక్కడ జర్మన్‌ చెప్పిన టీచరుకు వేళ్ల అక్షరాలు వచ్చు. నాలుగు మాటలు పోగవ్వగానే ఇద్దరూ వీలు దొరికినప్పుడల్లా జర్మన్‌లోనే కబుర్లు చెప్పుకున్నారు, చేతుల్లో. మొదటి ఏడాది తిరక్కముందే హెలెన్‌ షిల్లర్‌ రాసిన విల్‌హెల్మ్‌ టెల్‌ నాటకాన్ని ఇష్టంగా చదివేసింది.

అదే స్కూల్లో ఫ్రెంచ్‌ మాత్రం నత్తనడక నడిచింది. ఆ టీచరు ఫ్రాన్స్‌ మనిషి, వేళ్ల అక్షరాలు రావు. నోటితోనే పాఠం చెప్పాలి. ఆమె పెదవుల మీద వేళ్లు పెట్టి మాట పట్టుకోవాలంటే హెలెన్‌కు తేలిగ్గా చేతనయ్యేది కాదు. బడి ఒకటే, విద్యార్థిని ఒకతే, తెలివీ అదే. ఒక భాష పరుగెత్తింది, ఒకటి కుంటింది. తేడా భాషలో లేదు, అది చేరిన దారిలో ఉంది.

1896 అక్టోబరులో కేంబ్రిడ్జి స్కూల్లో చేరాక అసలు కష్టం మొదలైంది. చెవులూ కళ్లూ ఉన్న అమ్మాయిలతో కలిసి కూర్చుని చదవడం అదే మొదలు. క్లాసులో టీచరు చెప్పిన ప్రతి మాటనూ పక్కన కూర్చున్న సలివాన్‌ వేళ్లతో హెలెన్‌కు అందించేవారు. చెయ్యి వినడంలో ఉంటుంది కాబట్టి నోట్సు రాసుకునే వీలు లేదు. కావలసిన పుస్తకాలు ఉబ్బెత్తు అక్షరాల్లో దొరకవు. లండన్‌లో, ఫిలడెల్ఫియాలో మిత్రులు అచ్చు వేయించి పంపేదాకా ఎదురుచూపే. కొన్నాళ్లు లాటిన్‌ పాఠాన్ని తానే బ్రెయిలీలో ఎత్తి రాసుకుంది, మిగతా పిల్లలతో పాటు అప్పజెప్పడానికి.

నిఘంటువు తిరగేయడం, కొత్త మాటకు అర్థం వెతకడం, ఉబ్బెత్తు అచ్చు లేని పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివి వినిపించడం, అన్నీ సలివాన్‌ టీచరు పనే. ఆమె కళ్లు చిన్నప్పటి నుంచీ జబ్బు కళ్లు. ఆపరేషన్లు చేయించుకుని తెచ్చుకున్న కాస్త చూపును శిష్యురాలి పుస్తకాల మీద ఖర్చు పెట్టారు.

ఆ స్కూల్లో వేళ్ల అక్షరాలు నేర్చుకున్న టీచర్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు గిల్మన్‌. రెండోవారు జర్మన్‌ చెప్పే గ్రోటె అనే ఆమె. తన వేళ్లు ఎంత నెమ్మదో, ఎంత తడబడతాయో ఆమెకు తెలుసు. అయినా సలివాన్‌కు కాస్త విశ్రాంతి దొరుకుతుందని వారానికి రెండుసార్లు హెలెన్‌ను కూర్చోబెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పాఠం చెప్పేవారు. నియమాల పుస్తకాలు ఇంకా పుట్టని రోజుల్లో ప్రత్యేక వసతి అంటే అదే, ఒక టీచరు తన తీరిక వేళల్లో వేళ్లు నొప్పెట్టేలా అక్షరాలు పేర్చడం.

గెలిచిన వారం

1897 జూన్‌ 29 నుంచి జులై 3 వరకు ఆ విడి గదిలో పరీక్షలు సాగాయి. కాలేజీలో చేరాలంటే మొత్తం 16 గంటల పరీక్షలు పాసవ్వాలి. ఆ విడతలో హెలెన్‌ తొమ్మిది గంటలవి రాసింది. జర్మన్‌ మామూలుదీ, పైస్థాయిదీ, ఫ్రెంచ్‌, లాటిన్‌, ఇంగ్లిష్‌, గ్రీకు రోమన్‌ చరిత్ర.

లాటిన్‌ పేపరు వచ్చిన రోజున షిల్లింగ్‌ అనే ప్రొఫెసరు గదిలోకి వచ్చారు. జర్మన్‌ బాగా రాశావు, పాసయ్యావని చెప్పి వెళ్లారు. ఆ ఒక్క కబురుతో ఆ అమ్మాయికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చివరికి అన్నిట్లోనూ పాసైంది. జర్మన్‌లో, ఇంగ్లిష్‌లో ఆనర్స్‌ కూడా వచ్చాయి.

రెండో ఏడు అంత సాఫీగా నడవలేదు. హెలెన్‌ శక్తికి మించి చదువుతోందని గిల్మన్‌ అనుకున్నారు. చదువును ఇంకొన్నేళ్లు పొడిగించాలన్నారు. సలివాన్‌ ఒప్పుకోలేదు. ఇద్దరికీ పొసగక, హెలెన్‌ తల్లి ఆమెను స్కూలు మాన్పించారు. మెర్టన్‌ కీత్‌ అనే ట్యూటరు దగ్గర మిగతా చదువు సాగింది. ఆయన చెప్పడం, సలివాన్‌ దాన్ని వేళ్లలోకి మార్చడం, హెలెన్‌ అందుకోవడం.

ఎవరూ మాట్లాడని గది

1899 జూన్‌ 29, గురువారం. మళ్లీ ర్యాడ్‌క్లిఫ్‌, మళ్లీ ప్రవేశ పరీక్ష, ఆఖరి విడత. మొదటి రోజు మామూలు గ్రీకు, పైస్థాయి లాటిన్‌. రెండో రోజు జామెట్రీ, ఆల్జీబ్రా, పైస్థాయి గ్రీకు.

ఈసారి సలివాన్‌ ప్రశ్నపత్రాలు చదివి వినిపించడానికి వీల్లేదని కాలేజీ వారు చెప్పారు. టీచరే పక్కనుంటే జవాబులు ఎవరివన్న మాట వస్తుందని ఏ కాలేజీకైనా అనిపించవచ్చు. ఆ జాగ్రత్తలో తప్పు పట్టడానికి లేదు. పెర్కిన్స్‌ అంధుల విద్యాసంస్థలో పనిచేసే యూజీన్‌ వైనింగ్‌ను పిలిపించి, ప్రశ్నపత్రాలను అమెరికన్‌ బ్రెయిలీలోకి ఎత్తి రాసే పని అప్పగించారు. నిజాయతీగల ఏర్పాటే. అయితే ఈ ఏర్పాటు ఎవరి కోసమో, ఆ అమ్మాయినే ఎవరూ అడగలేదు.

వైనింగ్‌కూ హెలెన్‌కూ పరిచయం లేదు. ఆయనకు వేళ్ల అక్షరాలు రావు. ఏదన్నా చెప్పాలంటే బ్రెయిలీ చుక్కలు గుచ్చి ఇవ్వాల్సిందే. పరీక్ష పర్యవేక్షించే వ్యక్తీ కొత్తవారే. రెండు రోజులూ ఆమెతో ఏ రకంగానూ ఒక్క మాట మాట్లాడే ప్రయత్నం చేయలేదు. చూపూ వినికిడీ లేని మనిషికి ఎదుటివారు తాకకపోతే గదిలో ఎవరూ లేనట్టే. 19 ఏళ్ల ఆ అమ్మాయి అలాంటి గదిలో కూర్చుని గ్రీకు, లాటిన్‌ రాసింది.

భాషల పరీక్షలు బాగానే గడిచాయి. అక్షరాల బ్రెయిలీ ఆమెకు కొట్టిన పిండి. ఆ రోజుల్లో అమెరికాలో మూడు రకాల చుక్కల లిపులు చలామణిలో ఉండేవి. ఇంగ్లిష్‌ బ్రెయిలీ, అమెరికన్‌ బ్రెయిలీ, న్యూయార్క్‌ పాయింట్‌. మూడూ ఆమెకు వచ్చు. చిక్కు లెక్కల గుర్తులతో వచ్చింది. ఒక్కో లిపిలో ఆ గుర్తులు ఒక్కో రకం. ఆల్జీబ్రాకు ఆమె అప్పటిదాకా వాడింది ఇంగ్లిష్‌ బ్రెయిలీ గుర్తులు మాత్రమే.

ఆ సంగతి బయటపడింది పరీక్షకు సరిగ్గా రెండు రోజుల ముందు. వైనింగ్‌ నమూనాగా ఓ పాత హార్వర్డ్‌ ఆల్జీబ్రా పేపరు పంపారు. చేత్తో తడిమితే గుర్తులన్నీ అమెరికన్‌ పద్ధతిలో ఉన్నాయి. గుండె జారిపోయింది. వెంటనే కూర్చుని వైనింగ్‌కు ఉత్తరం రాసింది, ఈ గుర్తులేమిటో చెప్పమని. తిరుగు టపాలో ఇంకో పేపరూ, గుర్తుల పట్టికా వచ్చాయి. లెక్కలు చేసుకోవాల్సిన సమయంలో గుర్తుల ఓనమాలు దిద్దడం మొదలుపెట్టింది.

ఆల్జీబ్రా పరీక్షకు ముందు రాత్రి, ఓ పెద్ద లెక్క మధ్యలో వేలు ఆగిపోయింది. ఇది బ్రాకెట్టా, వర్గమూలం గుర్తా? ఎన్నిసార్లు తడిమినా తేలదు. పక్కనున్న కీత్‌ కూడా దిగాలుపడ్డారు. పొద్దున్నే పరీక్షకు కాస్త ముందుగా కాలేజీకి వెళ్లి, వైనింగ్‌ చేత ఆ గుర్తులను మళ్లీ చెప్పించుకున్నారు. పరీక్షలో కూర్చున్నాక నేర్చుకున్నవి కలగాపులగమయ్యాయి. చదివింది ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకోవాలి, అయినా సరిగా చదివానో లేదో నమ్మకం లేదు. రాసింది వెనక్కి చదివి వినిపించేవారూ లేరు. విలువైన సమయం చేజారిపోయింది.

అయినా రాసిన ప్రతి పేపరూ పాసైంది. పైస్థాయి లాటిన్‌లో ప్రత్యేకంగా మంచి పేరు తెచ్చుకుంది.

ఆ జులైలో ఓ మిత్రురాలికి రాసిన ఉత్తరంలోనూ, తర్వాత ఆత్మకథలోనూ ఆమె ఈ సంగతి చెప్పుకుంది. ఎవరి మీదా నింద వేయలేదు. తన పరీక్షను ఎంత కష్టం చేస్తున్నారో ఆ పెద్దలకు తెలియదంది. చూడగలిగి వినగలిగినవారికి తన వైపు నుంచి చూడటం ఎలా వస్తుందంది. ఆ మాటల్లో ఉదారత ఉంది. ఏర్పాటు ఎక్కడ దెబ్బతిన్నదో స్పష్టంగానూ చెప్పింది. భాషల్లో పనిచేసింది, లెక్కల్లో పనిచేయలేదు, టీచరు చదివి వినిపించి ఉంటే ఇంకా బాగా రాసేదాన్ని అని.

రెండు పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం తేటతెల్లమవుతుంది. 1897లో ఏర్పాటు అభ్యర్థిని నుంచి మొదలైంది. ఆమెకు ఏ దారిలో మాట చేరుతుందో తెలిసిన మనిషి, ఆమెకు అలవాటైన పద్ధతి. 1899లో ఏర్పాటు అనుమానం నుంచి మొదలైంది. ఎవరు ఉండకూడదో ముందు తేల్చారు. ఆమెకు ఏం కావాలో తేల్చడానికి రెండు రోజులే మిగిలాయి.

ఒక ఉత్తరం

పాసైనా ఆమె వెంటనే కాలేజీలో చేరలేదు. ఏడాది పాటు ఇంట్లోనే ట్యూటరు దగ్గర హొరేస్‌ కవిత్వం, ఎస్కిలస్‌ నాటకం, ఫ్రెంచ్‌, జర్మన్‌ చదివింది. 1900 మే 5న ర్యాడ్‌క్లిఫ్‌ అకడమిక్‌ బోర్డు అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాసింది.

ఈ ఉత్తరం వికలాంగ విద్యార్థులందరూ చదవాల్సింది. పరీక్షలు పెట్టేవాళ్లు అంతకన్నా ముందు చదవాల్సింది. అందులో ఆమె తన చదువు ఏయే ఏర్పాట్ల మీద నడుస్తుందో వరసగా చెప్పింది. నోటి మాటను అందించడానికి, ప్రశ్నపత్రాలు చదివి వినిపించడానికి 13 ఏళ్లుగా తనతో ఉన్న సలివాన్‌ కావాలి. క్లాసులో ఆమో, కొన్ని సబ్జెక్టులకు మరొకరో పక్కన ఉండక తప్పదు. రాతపని అంతా టైపు మిషను మీద. ప్రొఫెసరుకు తన మాట అర్థం కాకపోతే జవాబు టైపు చేసి తర్వాత ఇస్తుంది. ఇంతకు ముందెన్నడూ లేని ఈ పరిస్థితులకు కాలేజీ తనను తాను సర్దుకోగలదా అని అడిగింది.

ఆ అభ్యర్థనలో సులువు ప్రశ్నలు ఇమ్మనలేదు. మార్కులు కలపమనలేదు. తగ్గింపు అన్న మాటే లేదు. అడిగినవన్నీ దారులు. మారమన్నది పరీక్షను కాదు, పరీక్ష తన దగ్గరికి వచ్చే తీరును. ఇవాళ మన చట్టాలు ఏ మాట చెబుతున్నాయో 20 ఏళ్లు కూడా నిండని అమ్మాయి ఆ మాట అప్పుడే రాసి పంపింది.

1900 శరత్కాలంలో ఆమె ర్యాడ్‌క్లిఫ్‌లో అడుగుపెట్టింది. 1897లో ఉన్న వీలన్నీ దొరకలేదు. పరీక్ష రాశాక దాన్ని వెనక్కి చదివి వినిపించేవారు లేరు. టైము మిగిలితే, గుర్తున్న తప్పులను జవాబు చివర విడిగా రాసి పెట్టడమే. తోడుగా హామండ్‌ టైపు మిషను ఉంది. దాంట్లో అక్షరాల దిమ్మెను తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. గ్రీకుకు ఒకటి, ఫ్రెంచ్‌కు ఒకటి, లెక్కల గుర్తులకు ఒకటి. అది లేకపోతే కాలేజీకి వెళ్లగలిగేదాన్నా అన్నది తనకే అనుమానమని రాసుకుంది. 1904లో పట్టా అందుకుంది. చూపూ వినికిడీ రెండూ లేకుండా బీఏ పట్టా తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే.

మన హాళ్లలో

1955లో, 75కు దగ్గరపడుతున్న వయసులో, హెలెన్‌ మన దేశానికి వచ్చింది. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1951లో, భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ ఖాయమైంది. అంతకు ముందు మన దగ్గరా ఒక్కో చోట ఒక్కో చుక్కల లిపి. ఇప్పుడు తెలుగు క, హిందీ క, ఇంగ్లిష్‌ కె మూడింటికీ అవే చుక్కలు. ఆల్జీబ్రా ముందు రాత్రి హెలెన్‌ వేలు ఆగిపోయిన చోటు ఎంత బాధాకరమో తెలిసినవారికి, తెలుగు పిల్ల వేలు ఒక లిపి నుంచి ఇంకో లిపికి తేలిగ్గా సాగిపోవడం ఎంత గొప్పదో తెలుస్తుంది.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన రాతపరీక్షల మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని చెప్పారు. బ్రెయిలీలోనా, కంప్యూటర్‌ మీదా, పెద్ద అచ్చులోనా, ఏ పద్ధతిలో రాస్తారో వీలైనంత వరకు అభ్యర్థే ఎంచుకోవాలన్నారు. పరీక్ష పెట్టే సంస్థే స్క్రైబ్‌ను (అభ్యర్థి చెబితే రాసిపెట్టే మనిషిని) ఇస్తే, రెండు రోజుల ముందు ఆ వ్యక్తిని కలుసుకుని తనకు సరిపోతారో లేదో చూసుకునే అవకాశం ఇవ్వాలన్నారు. ఒక్కో పేపరుకు ఒక్కో స్క్రైబ్‌ను పెట్టుకోవచ్చని, ముఖ్యంగా భాషల పేపర్లకని, ప్రత్యేకించి రాశారు.

ఆ చివరి మాట రాసినవారికి పరీక్ష హాలు సంగతి తెలుసు. తెలుగు బాగా రాసే స్క్రైబ్‌కు హిందీ రాకపోవచ్చు. లెక్కలు గబగబా ఎక్కించేవారు ఫ్రెంచ్‌ మాట వింటే తెల్లమొహం వేయవచ్చు. భాషా పరీక్షలో ఇంకో చిక్కూ ఉంది. అక్కడ స్పెల్లింగుకు కూడా మార్కులుంటాయి. అభ్యర్థి ఓ మాట పలికితే స్క్రైబ్‌ తనకు తెలిసిన స్పెల్లింగు రాస్తే, ఆ మార్కు ఎవరిది? స్క్రైబ్‌ తప్పు రాస్తే పోయేది ఎవరి మార్కు? అందుకే ఒక్కో అక్షరం చెప్పి రాయించాలి. అలా చెప్పడానికి సమయం కావాలి. అదనపు సమయం మీద దయ అన్న ముద్ర వేయడం అన్యాయం. అక్షరాలు నడిచి రావలసిన దూరానికి పట్టే సమయం అది.

వినికిడి లేని విద్యార్థికి పరాయి భాషలో రికార్డింగు పెట్టి, విని రాయమని మార్కులు వేస్తే కొలిచింది భాషను కాదు, చెవిని. అదే భాషను చదివించి, రాయించి, సైగలతో అడిగి చూస్తే ఆ పిల్లవాడికి ఏం వచ్చో తెలుస్తుంది. న్యూయార్క్‌ బడిలో హెలెన్‌ జర్మన్‌ పరుగెత్తి, ఫ్రెంచ్‌ కుంటినప్పుడే ఈ సంగతి రుజువైంది. సీబీఎస్‌ఈ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు రెండు భాషల బదులు ఒకటే చదివే వీలు ఇచ్చింది. అది అవసరమైనవారికి మేలే. ఆ వీలును చూపించి, భాష నేర్చుకోవాలని ఆశపడే పిల్లను వద్దులేమ్మా అని పక్కకు తప్పించడం మాత్రం తగదు. నాలుగు పరాయి భాషలు తన చేతిలోకి తెచ్చుకున్న అమ్మాయి కథ మనకు తెలుసు.

పై చదువులకు విదేశాలకు బయల్దేరే తెలుగు పిల్లల్లో వికలాంగులూ ఉన్నారు. ఇంగ్లిష్‌ పరీక్షకు దరఖాస్తు నింపేటప్పుడు ప్రత్యేక ఏర్పాట్లు కావాలా అన్న గడి దగ్గర చాలామంది చెయ్యి ఆగుతుంది. అడిగితే తక్కువగా చూస్తారేమోనని భయం. వాళ్లకు చెప్పాల్సింది ఒకటే. ఆ గడి నింపండి. ఏం కావాలో, ఎందుకు కావాలో, హెలెన్‌ 1900లో రాసినంత వివరంగా రాయండి. ముందుగా రాయండి, రెండు రోజుల ముందు కాదు.

పరీక్ష పెట్టేవాళ్లకూ ఒక విన్నపం. స్క్రైబ్‌ అర్హత చూడండి, సంతకాలు సరిచూడండి, కాపలా పెట్టండి. 1897లోనూ తలుపు దగ్గర కాపలా ఉంది, ధ్రువపత్రమూ ఉంది. వాటి వల్ల ఎవరికీ అవమానం జరగలేదు. వాటితో పాటు, పేపరు పంచేముందు ఆ పిల్ల పక్కకు వచ్చి నిలబడి, నీకు ఎలా వీలవుతుందమ్మా అని ఒక్క మాట అడగండి. 1899 జూన్‌లో ఆ గదిలో రెండు రోజుల పాటు ఎవరూ అడగని మాట అది.